కంప్యూటర్ సందేహాలు: బిల్లు ఫాంటు రోజూ ఎక్కడికి పోతోంది?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకే గోల: సాఫ్ట్‌వేర్ మూసి తెరిస్తే పెట్టుకున్న సెట్టింగులన్నీ పోతున్నాయని. ప్రోగ్రాములు రాసేవాళ్లూ అడిగారు, వాడేవాళ్లూ అడిగారు. అందుకే వైరస్‌లు, వైఫై సంగతులు వచ్చే నెలకు నెట్టి వీటికే చోటిస్తున్నాను.

ప్రశ్న: మా బాబాయికి ఎరువుల షాపు ఉంది. ఆయన కోసం పైథాన్‌లో, విండోలు, బటన్లు తయారుచేసే టికింటర్‌తో బిల్లింగ్ ప్రోగ్రామ్ రాశాను. ప్రింటర్ పేరు, బిల్లు ఫాంటు సైజు, విండో సైజు, తెలుగులో షాపు పేరు, అన్నీ ప్రోగ్రామ్ పక్కనే ఒక జేసన్ ఫైల్లో (పేరు, విలువ జతలుగా రాసుకునే టెక్స్ట్ ఫైలు) సేవ్ చేస్తున్నాను. నా లాప్‌టాప్‌లో బాగానే నడిచింది. పైథాన్ ప్రోగ్రామ్‌ను నేరుగా నడిచే ఫైలుగా మార్చే పైఇన్‌స్టాలర్‌తో ఒకే ఈఎక్స్‌ఈగా చేసి షాపులో పెట్టాక మాత్రం రోజూ పొద్దున్నే అన్నీ మొదటికొస్తున్నాయి. ఎర్రర్ కూడా రావడం లేదు. "నువ్వు చదివే చదువు ఇదేనా" అంటున్నాడు బాబాయి. కోడ్, సెట్టింగుల ఫైలు జతచేశాను.
- బీటెక్ విద్యార్థి, తెనాలి

జవాబు: చదువుకేం లోటు లేదని మీ బాబాయిగారికి చెప్పండి. ఫైలు సరిగ్గానే సేవ్ అవుతోంది. అది ఉన్న ఫోల్డరే మిగలడం లేదు.

పైఇన్‌స్టాలర్‌లో 'వన్‌ఫైల్' పద్ధతి ఎంచుకుంటే, ఈఎక్స్‌ఈ నడిపిన ప్రతిసారీ లోపలున్నదంతా విండోస్ టెంప్ ఫోల్డర్లో ఒక కొత్త ఫోల్డర్‌లోకి విప్పుకుంటుంది. దాని పేరు అండర్‌స్కోర్, ఎం, ఈ, ఐ అనే అక్షరాలతో మొదలై అంకెలతో ముగుస్తుంది. ప్రోగ్రామ్ మూయగానే ఆ ఫోల్డర్‌ను అదే తుడిచేస్తుంది. మీరేమో సెట్టింగుల ఫైలు దారిని ప్రోగ్రామ్ ఫైలు ఎక్కడుందో చెప్పే పైథాన్ 'ఫైల్' వేరియబుల్ నుంచి తీసుకున్నారు. లాప్‌టాప్‌లో అది మీ ప్రాజెక్ట్ ఫోల్డర్‌ను చూపించింది. షాపులో ఈ తాత్కాలిక ఫోల్డర్‌ను చూపిస్తోంది. రాయడానికి ఏ అడ్డూ లేదు కాబట్టి ఎర్రర్ రాదు. రాత్రి షట్టర్ దించేముందు మీ బాబాయి ప్రోగ్రామ్ మూస్తారు, ఫాంటు సైజు దాంతోపాటే పోతుంది. నమ్మకం కుదరకపోతే ప్రోగ్రామ్ తెరిచి ఉండగా టెంప్ ఫోల్డర్‌లోకి వెళ్లి చూడండి, మీ జేసన్ కనిపిస్తుంది. మూసి మళ్లీ చూడండి.

'అయితే ఈఎక్స్‌ఈ పక్కనే పెడితే సరి' అని మీరు అనుకునే లోపే చెబుతున్నాను, అదీ వద్దు. రేపు ప్రోగ్రామ్‌ను ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఇన్‌స్టాల్ చేస్తే మామూలు యూజర్‌కు అక్కడ రాసే హక్కు ఉండదు. 2007లో విస్టా వచ్చినప్పటి నుంచి విండోస్ దీన్ని గట్టిగా అమలు చేస్తోంది. కొన్ని పాత 32 బిట్ ప్రోగ్రాముల విషయంలో ఎర్రర్ ఇవ్వకుండా, ఆ రాతను చప్పుడు లేకుండా యూజర్ ఫోల్డర్‌లోని 'వర్చువల్‌స్టోర్' అనే చోటికి మళ్లిస్తుంది. అప్పుడు ఒక లాగిన్‌లో ఒక ఫాంటు, ఇంకో లాగిన్‌లో ఇంకో ఫాంటు కనబడుతుంది. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో చూస్తే ఏ మార్పూ ఉండదు. ఎక్కడ వెతకాలో తెలియక జుట్టు పీక్కోవడమే.

విండోస్‌లో సరైన చోటు యూజర్ ఫోల్డర్ కింద ఉండే యాప్‌డేటా. అందులోని రోమింగ్‌లో మీ ప్రోగ్రామ్ పేరుతో ఒక ఫోల్డర్ చేసి అక్కడ పెట్టండి. దారిని మాత్రం సి డ్రైవ్, యూజర్స్ అంటూ చేత్తో రాయకండి. ఆ దారిని విండోసే దాచి ఉంచే యాప్‌డేటా అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను అడగండి, లేదా ప్లాట్‌ఫామ్‌డిర్స్ అనే చిన్న లైబ్రరీ వాడండి. అదైతే లినక్స్‌లో హోమ్ ఫోల్డర్ కింది డాట్ కాన్ఫిగ్‌ను, మ్యాక్‌లో లైబ్రరీ కింది చోటును అదే చూసుకుంటుంది.

ఇప్పుడు అసలు సంగతి. మీ జేసన్ తెరిచి చూశాను. అందులో విండో సైజు, ప్రింటర్ పేరు, షాపు జీఎస్టీ నంబరు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. ఇవి ముగ్గురి సొత్తు. విండో సైజు, ఫాంటు ఆ కుర్చీలో కూర్చునే మనిషివి. మీ బాబాయికి చత్వారం ఉంటే పెద్ద ఫాంటు, గుమాస్తా కుర్రాడికి చిన్న ఫాంటు. ప్రింటర్ ఆ కంప్యూటర్‌ది, ఎవరు లాగిన్ అయినా బల్ల మీదున్న ప్రింటర్ మారదు. జీఎస్టీ నంబరు, షాపు పేరు షాపువి. రేపు రెండో కంప్యూటర్ కొన్నా అవే ఉండాలి. మనిషివి యాప్‌డేటాలో, మిషన్‌వి ప్రోగ్రామ్‌డేటా ఫోల్డర్‌లో, షాపువి మీ బిల్లుల డేటాబేస్‌లోనే ఒక టేబుల్‌లో ఉండాలి. ప్రోగ్రామ్‌డేటాలో ఒక చిక్కుంది. ఒక లాగిన్ సృష్టించిన ఫైలును ఇంకో లాగిన్ మామూలుగా మార్చలేదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడే ఆ ఫోల్డర్‌కు అందరూ రాసేలా పర్మిషన్ ఇవ్వాలి.

ఈ తేడా నాకు పుస్తకాల్లోకన్నా రైస్ మిల్లుల్లో బాగా తెలిసింది. కాటా దగ్గర లారీ బరువు తీసుకునే ప్రోగ్రాములు రాసి పెడుతుంటాను. కాటా నుంచి వచ్చే సీరియల్ వైరుకు యూఎస్‌బీ కన్వర్టర్ తగిలిస్తారు. ఎవరో ఊడ్చేటప్పుడు పీకి పక్క పోర్టులో పెడితే, నిన్నటిదాకా ఆ పోర్టును కామ్ 3 అన్న విండోస్ ఇవాళ కామ్ 5 అంటుంది. గేటు దగ్గర వడ్ల లారీలు నిలబడి ఉంటాయి, తెర మీద బరువు సున్నా. ఇలాంటి సెట్టింగును సేవ్ చేస్తే చాలదు, తెరిచిన ప్రతిసారీ 'నువ్వు ఇంకా ఉన్నావా' అని అడగాలి. లేకపోతే ఉన్న పోర్టుల జాబితా ఎదుట పెట్టి ఎంచుకోమనాలి.

మీ ప్రింటర్ కూడా ఇంతే. యూఎస్‌బీ వైరు వేరే పోర్టులో పెడితే విండోస్ ఒక్కోసారి అదే ప్రింటర్‌ను 'కాపీ 1' అని చివర తగిలించి కొత్తగా చేర్చుకుంటుంది. మీరు దాచిన పేరు పాతది. మీ కోడ్ ఏం చేస్తోందంటే, పేరు దొరక్కపోతే గమ్మున డిఫాల్ట్ ప్రింటర్‌కు పంపేస్తోంది. డిఫాల్ట్‌గా లేజర్ ప్రింటర్ ఉంటే 3 అంగుళాల బిల్లు ఏ4 కాగితం మూలన పడుతుంది, రైతు దాన్ని పట్టుకుని చూస్తూ నిలబడతాడు. దయచేసి అక్కడ ఒక ప్రశ్న అడిగించండి.

ఎప్పుడు సేవ్ చేయాలి? మీరు విండో మూసేటప్పుడు మాత్రమే చేస్తున్నారు. యూపీఎస్ లేని షాపులో కరెంటు పోతే 'మూయడం' అనేదే జరగదు. సెట్టింగు మారినప్పుడే సేవ్ చేయండి. కాకపోతే విండో అంచు పట్టుకుని లాగుతుంటే టికింటర్ సైజు మారిందని చెప్పే 'కాన్ఫిగర్' ఈవెంట్‌ను ఎడాపెడా పంపుతుంది, ప్రతిదానికీ డిస్కు మీద రాస్తే అనవసరపు శ్రమ. 'ఆఫ్టర్'తో ఒక సెకను టైమర్ పెట్టి, మళ్లీ ఈవెంట్ వస్తే పాత టైమర్‌ను 'ఆఫ్టర్ క్యాన్సిల్'తో రద్దు చేస్తూ పోతే, చెయ్యి ఆగాక ఒక్కసారే రాస్తుంది.

రాసే తీరు కూడా మార్చాలి. ఫైలును 'రైట్' పద్ధతిలో తెరవగానే పాతదంతా చెరిగిపోతుంది, కొత్తది పడేది ఆ తర్వాతే. సరిగ్గా ఆ మధ్యలో కరెంటు పోయిందా, మిగిలేది సున్నా బైట్ల ఫైలు. కాబట్టి ముందు పక్కన వేరే పేరుతో పూర్తిగా రాసి, ఫ్లష్, ఎఫ్‌సింక్ చేసి (అంటే రాసింది నిజంగా డిస్కు మీదికి చేరేలా చూసి), ఆ తర్వాత ఓఎస్ మాడ్యూల్లోని 'రీప్లేస్'తో అసలు పేరు మీదికి తేవాలి. రెండు ఫైళ్లూ ఒకే ఫోల్డర్‌లో ఉండాలన్నది మర్చిపోకండి.

తెలుగు షాపు పేరు సంగతి. పైథాన్ జేసన్ మామూలుగా మన అక్షరాలను ఒక్కోదాన్ని ఆరు గుర్తుల కోడ్‌గా రాస్తుంది, చదివేటప్పుడు మళ్లీ తెలుగు చేస్తుంది. అందులో ప్రమాదమేమీ లేదు. మీరు నోట్‌ప్యాడ్‌లో తెలుగే కనబడాలని 'ఎన్ష్యూర్ యాస్కీ'ని ఫాల్స్ చేశారు. మంచి పనే, కానీ ఫైలు తెరిచే చోట ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని చెప్పలేదు. విండోస్‌లో పైథాన్ అప్పుడు మిషన్‌లో ఉన్న పాత కోడ్‌పేజీ (ఏ అక్షరానికి ఏ అంకె అని చెప్పే పట్టిక) వాడుతుంది, అందులో తెలుగు ఉండదు. కొన్ని మిషన్లలో 'చార్‌మ్యాప్' అంటూ ఎర్రర్ వచ్చి ఆగిపోతుంది, అదీ పాత ఫైలు చెరిగిపోయాక. రాసేచోటా చదివేచోటా రెండింట్లో ఎన్‌కోడింగ్ పెట్టండి.

చదివేటప్పుడు ఫైల్లో ఉన్నదాన్ని గుడ్డిగా నమ్మకండి. ముందు డిఫాల్ట్ విలువలన్నీ ఒక డిక్షనరీలో పెట్టుకుని, దాని మీద ఫైల్లోవి పరవండి. అప్పుడు వచ్చే ఏడాది మీరు కొత్త సెట్టింగు చేర్చినా పాత ఫైలుతో ప్రోగ్రామ్ పడిపోదు. ఫాంటు సైజు 0 అనో 400 అనో ఉంటే డిఫాల్ట్‌కు వెళ్లండి. జేసన్ పాడైతే దాని పేరు మార్చి పక్కన పెట్టి, డిఫాల్ట్‌లతో తెరుచుకుని, ఆ సంగతి తెర మీద ఒక ముక్క చెప్పండి. సెట్టింగుల ఫైలు పాడైనంత మాత్రాన బిల్లు ఆగకూడదు.

మీరు అడగనిది ఇంకొకటి. మీరు పంపిన ఫైల్లో మీ బాబాయిగారి ఈమెయిల్ పాస్‌వర్డ్ తేటతెల్లంగా ఉంది. నేను చెరిపేశాను, మీరు ఇవాళే మార్చేయండి. పాస్‌వర్డ్‌లు సెట్టింగుల ఫైల్లో ఉండకూడదు. పైథాన్‌లో 'కీరింగ్' లైబ్రరీ వాడితే అవి విండోస్ క్రెడెన్షియల్ మేనేజర్‌లోకి వెళ్తాయి. పత్రికకు ఫైలు పంపినా ఎవరి కంటా పడవు.

ప్రశ్న: మా ఆఫీసు కోసం సీషార్ప్, విండోస్ ఫామ్స్‌లో హాజరు ప్రోగ్రామ్ రాశాను. విజువల్ స్టూడియో ఇచ్చే సెట్టింగ్స్ సదుపాయమే వాడాను. కొత్త వెర్షన్ ఇచ్చిన ప్రతిసారీ అందరి సెట్టింగులూ పోతున్నాయి. ఇద్దరికైతే ప్రోగ్రామ్ టాస్క్‌బార్‌లో ఉంటుంది కానీ విండోయే కనబడదు.
- కరీంనగర్ పాఠకురాలు

జవాబు: పోలేదమ్మా, పాత చోటే ఉన్నాయి. డాట్‌నెట్ వాటిని యాప్‌డేటా లోకల్‌లో 'యూజర్ డాట్ కాన్ఫిగ్' అనే ఫైల్లో పెడుతుంది. ఆ దారిలో కంపెనీ పేరు, ఈఎక్స్‌ఈ పేరుతో పాటు ఒక పొడుగాటి హ్యాష్ (లెక్కకట్టి తయారుచేసిన అక్షరాల వరస), చివర వెర్షన్ నంబరు ఉంటాయి. నంబరు మారితే ఫోల్డరూ మారుతుంది. అసెంబ్లీ వెర్షన్ చివర నక్షత్రం గుర్తు పెట్టుకున్నవాళ్లకైతే బిల్డ్ చేసినప్పుడల్లా ఇదే వరస.

దీనికి 'అప్‌గ్రేడ్' అనే మెథడ్ ఉంది, అది పాత వెర్షన్ ఫోల్డర్ వెతికి విలువలు తెచ్చుకుంటుంది. దాన్ని ఎప్పుడు పిలవాలో మాత్రం మీరే చూసుకోవాలి. 'అప్‌గ్రేడ్ కావాలా' అనే అర్థం వచ్చే పేరుతో ఒక బూలియన్ (ట్రూ, ఫాల్స్ రెండే విలువలుండే) సెట్టింగు చేర్చి, డిఫాల్ట్ ట్రూ పెట్టండి. మెయిన్‌లో మొట్టమొదట అది ట్రూ అయితే అప్‌గ్రేడ్ పిలిచి, ఫాల్స్ చేసి, సేవ్ చేయండి. కొత్త వెర్షన్‌కు ఫైలు లేదు కాబట్టి అది మళ్లీ ట్రూగానే మొదలవుతుంది, పని ఒక్కసారే జరుగుతుంది.

ఒక్క విషయం గమనించండి. స్ట్రాంగ్ నేమ్ (డిజిటల్ సంతకంతో కూడిన పేరు) లేని ప్రోగ్రామ్‌కు ఆ హ్యాష్ ఈఎక్స్‌ఈ ఉన్న దారిని బట్టి వస్తుంది. ఒకరు డెస్క్‌టాప్ మీద నుంచి, ఒకరు డి డ్రైవ్ నుంచి నడిపితే హ్యాష్ వేరు. అక్కడ అప్‌గ్రేడ్ పనిచేయదు, ఎందుకంటే అది తన హ్యాష్ ఫోల్డర్‌లోనే వెతుకుతుంది. అందరి మిషన్లలో ఒకే చోట ఇన్‌స్టాల్ చేయించండి.

కనబడని విండోకు కారణం మీరు రాసిన విండో స్థానంలోనే దొరుకుతుంది. ఆ ఇద్దరి యూజర్ డాట్ కాన్ఫిగ్ తెరవండి. మైనస్ 32000, మైనస్ 32000 అని కనబడితే, వాళ్లు మినిమైజ్ చేసి ఉంచి టాస్క్‌బార్ మీద కుడి క్లిక్‌తో మూసేశారన్నమాట. మినిమైజ్ చేసిన విండోను విండోస్ ఉంచే చోటది. మూసేటప్పుడు విండో నార్మల్‌గా ఉంటే 'లొకేషన్', 'సైజ్' సేవ్ చేయండి, లేకపోతే 'రిస్టోర్ బౌండ్స్' సేవ్ చేయండి. మాక్సిమైజ్‌లో ఉందా లేదా అన్నది విడిగా దాచుకోవాలి. అదే 1920 దాటిన అంకె కనబడితే, ఒకప్పుడు పక్కన రెండో మానిటర్ ఉండేదేమో, దాన్ని వేరే టేబుల్‌కు ఎత్తుకుపోయారేమో అడగండి. తెరిచేటప్పుడు 'స్క్రీన్ డాట్ ఆల్ స్క్రీన్స్'లో ఏదో ఒక తెర మీద మీ టైటిల్ బార్ పడుతుందో లేదో చూసి, పడకపోతే మధ్యలో పెట్టేయండి. ఈలోగా ఆ ఇద్దరినీ ఆల్ట్, స్పేస్ కలిపి నొక్కి, ఎం నొక్కి, ఒక బాణం కీ కొట్టి మౌస్ కదపమనండి. విండో మౌస్ వెంట వచ్చేస్తుంది.

ప్రశ్న: పైథాన్‌లో విండోలు చేసే పైక్యూటీ5లో, సెట్టింగులు దాచే క్యూసెట్టింగ్స్ వాడుతున్నాను. 'ఆటో బ్యాకప్' చెక్‌బాక్స్‌లో టిక్ తీసేసి మూసినా మళ్లీ తెరిస్తే టిక్ వచ్చేస్తోంది. టూల్‌బార్లు కూడా నేను జరిపిన చోట ఉండటం లేదు.
- హైదరాబాద్ విద్యార్థి

జవాబు: క్యూసెట్టింగ్స్ విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో రాసినా, ఐఎన్‌ఐ అనే టెక్స్ట్ ఫైల్లో రాసినా, బూలియన్‌ను 'ఫాల్స్' అనే మాటగా దాస్తుంది. మీరు చదివాక వచ్చేది ఆ మాటే. ఖాళీ కాని ఏ మాటైనా పైథాన్ దృష్టిలో ట్రూయే, దాంతో టిక్ పడుతోంది. 'వాల్యూ' పిలిచేటప్పుడు టైప్ బూల్ అని చెప్పండి, చాలు. అంకెలకు కూడా ఇలాగే టైప్ ఇవ్వడం అలవాటు చేసుకోండి.

టూల్‌బార్లకు 'సేవ్ స్టేట్', 'రిస్టోర్ స్టేట్' పెట్టానన్నారు, బాగుంది. కానీ ఏ టూల్‌బార్ ఏదో క్యూటీ గుర్తుపట్టేది ఆబ్జెక్ట్ నేమ్‌తో. మీరు ఒక్కదానికీ పేరు పెట్టలేదు. ఆ సంగతి టెర్మినల్‌లో వార్నింగ్‌గా చెబుతూనే ఉండి ఉంటుంది, మనం చూడం. టూల్‌బార్లన్నీ సృష్టించిన తర్వాతే రిస్టోర్ పిలవండి. ఐఎన్‌ఐలో తెలుగు రాస్తుంటే క్యూటీ5లో 'సెట్ ఐఎన్‌ఐ కోడెక్' యూటీఎఫ్-8 పెట్టుకోండి. క్యూటీ6లో ఆ అవసరం లేదు.

ప్రశ్న: సెట్టింగులు రిజిస్ట్రీలో పెట్టడం మంచిదా, ఫైల్లోనా?
- అనంతపురం పాఠకుడు

జవాబు: నా ఓటు ఫైలుకే. కస్టమర్ ఫోన్ చేసి 'ఏదో అయ్యింది' అన్నప్పుడు ఫైలైతే వాట్సాప్‌లో పంపమనొచ్చు, సరిచేసి తిరిగి పంపొచ్చు. రిజిస్ట్రీని మార్చే రిజ్‌ఎడిట్ తెరవమని ఫోన్లో చెప్పడం అంటే నాకు టెన్షన్. పక్క కీ డిలీట్ చేస్తే ఎవరు దిక్కు?

ప్రశ్న: నేను కోర్టు దగ్గర తెలుగు దస్తావేజులు టైప్ చేస్తాను. ప్రోగ్రామింగ్ రాదు. లిబ్రేఆఫీస్‌లో పొట్టి అక్షరాలు కొడితే పూర్తి మాటలు పడేలా ఆటోకరెక్ట్‌లో ఏళ్ల తరబడి చేర్చుకున్న జాబితా ఉంది. కొత్త కంప్యూటర్ కొన్నాను. అవన్నీ మళ్లీ ఎక్కించాలా?
- రాజమండ్రి పాఠకుడు

జవాబు: అక్కర్లేదండీ. అవి ఒక ఫోల్డర్‌లో భద్రంగా ఉన్నాయి. పాత కంప్యూటర్‌లో లిబ్రేఆఫీస్ పూర్తిగా మూసేయండి, గడియారం పక్కన దాని చిన్న బొమ్మ ఉంటే అదీ మూయండి. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కితే వచ్చే చిన్న డబ్బాలో ఇంగ్లిష్‌లో పర్సెంట్ గుర్తు, యాప్‌డేటా, మళ్లీ పర్సెంట్ గుర్తు, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టి ఎంటర్ ఇవ్వండి. రోమింగ్ ఫోల్డర్ తెరుచుకుంటుంది. అందులో లిబ్రేఆఫీస్, దానిలో 4, దానిలో యూజర్. మీ దగ్గరున్నది ఏ కొత్త వెర్షన్ అయినా ఆ ఫోల్డర్ పేరు 4గానే ఉంటుంది, కంగారు పడకండి. ఈ యూజర్ ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి.

లోపల 'ఆటోకార్' అనే ఫోల్డర్‌లో మీ జాబితా ఉంటుంది, భాషకో ఫైలు చొప్పున. తెలుగుది పేరు చివర 'టీఈ-ఐఎన్' అని ఉంటుంది. 'వర్డ్‌బుక్'లో మీరు డిక్షనరీకి చేర్చిన మాటలు ఉంటాయి. 'రిజిస్ట్రీ మాడిఫికేషన్స్' అన్న ఫైల్లో మిగతా సెట్టింగులన్నీ ఉంటాయి.

కొత్త మిషన్‌లో లిబ్రేఆఫీస్ పాతదాని వెర్షనో, అంతకన్నా కొత్తదో వేసుకోండి. ఒకసారి తెరిచి మూయండి, అక్కడ కూడా యూజర్ ఫోల్డర్ పుడుతుంది. దాని పేరు 'యూజర్ పాత' అన్నట్టు ఏదైనా మార్చి ఉంచి, పెన్‌డ్రైవ్‌లోది పక్కన అతికించండి. తెరిచి ఒక పొట్టి మాట కొట్టి చూడండి. ఏదైనా తేడా కొడితే, అతికించినది తీసేసి, పక్కన ఉంచినదాని పేరు మళ్లీ యూజర్ అని మార్చేసి, ఆటోకార్, వర్డ్‌బుక్ రెండే తీసుకెళ్లి అందులో పెట్టండి. మీ జాబితా ఆ రెంటిలోనే ఉంది, ఫాంటూ మార్జిన్లూ పది నిమిషాల్లో మళ్లీ పెట్టుకోవచ్చు. పాత కంప్యూటర్‌ను ఎవరికైనా ఇచ్చేసే పని మాత్రం ఈ పరీక్ష అయ్యేదాకా ఆపండి.